హీప్ పెంచినా సర్వర్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) 16 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ సర్వర్‌లో నడుస్తోంది. వేగం పెరుగుతుందని జావా హీప్ (ప్రోగ్రామ్ ఆబ్జెక్టులు ఉండే మెమరీ) పరిమితిని 14 జీబీకి పెంచాం. ఇప్పుడు రద్దీ వేళల్లో హఠాత్తుగా ఆగిపోతోంది, జావా లాగ్‌లో ఏ ఎర్రరూ లేదు. కారణం ఏమిటి?

జవాబు: లాగ్‌లో ఏమీ లేకపోవడమే ముఖ్యమైన ఆధారం. హీప్ నిండితే సాధారణంగా ‘అవుటాఫ్‌మెమరీ’ ఎర్రర్ కనిపిస్తుంది. ఏ జాడా లేకుండా ఆగిందంటే, ర్యామ్ చాలక ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగమైన లినక్స్ కెర్నలే ఆ ప్రాసెస్‌ను ముగించి ఉండవచ్చు. కెర్నల్ లాగ్‌లో ‘కిల్డ్ ప్రాసెస్’ అన్న మాట ఉందేమో ముందు చూడండి.

మీరిచ్చిన 14 జీబీ హీప్‌కు మాత్రమే. క్లాసుల వివరాలుండే మెటాస్పేస్, 64 బిట్ లినక్స్‌లో సాధారణంగా ఒక్కోటి 1 ఎంబీ వరకు తీసుకునే థ్రెడ్ (ఏకకాలంలో నడిచే ఒక్కో పని) స్టాక్‌లు, హీప్ బయట ఉండే డైరెక్ట్ బఫర్లు, వాడుకలో లేని ఆబ్జెక్టులను తొలగించే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) సొంత అవసరాలు అన్నీ దానికి అదనం. మిగిలిన 2 జీబీలోనే ఇవన్నీ, ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా, సర్దుకోవాలి. రద్దీలో థ్రెడ్లు పెరిగితే అది చాలదు.

ఎక్స్‌ఎంఎస్ (హీప్ ప్రారంభ పరిమాణం), ఎక్స్‌ఎంఎక్స్ (గరిష్ఠ పరిమాణం) రెండింటికీ 10 జీబీ ఇచ్చి, జీసీ లాగ్ ఆన్ చేయండి. హీప్ మొత్తాన్ని శుభ్రం చేసే ఫుల్ జీసీ తర్వాత హీప్‌లో ఎంత మిగులుతోందన్నదే అన్నిటికంటే విలువైన అంకె. అది 4 జీబీ దగ్గర నిలకడగా ఉంటే 10 జీబీ ధారాళంగా సరిపోతుంది. రోజురోజుకూ పెరుగుతూనే ఉంటే అది మెమరీ లీక్, అంటే అవసరం తీరిన ఆబ్జెక్టులు విడుదల కాకపోవడం. అప్పుడు హీప్ పెంచడం సమస్యను వాయిదా వేయడమే కనుక, హీప్ డంప్ (హీప్‌లో ఉన్నవాటి నకలు) తీసి ఏ ఆబ్జెక్టులు పేరుకుపోతున్నాయో వెతకాలి.

జావా 9 నుంచి సర్వర్లలో డిఫాల్ట్‌గా ఉన్న జీ1 కలెక్టర్, విరామాలను 200 మిల్లీసెకన్లలోపు ఉంచేందుకు కొత్త ఆబ్జెక్టులుండే యంగ్ జనరేషన్ పరిమాణాన్ని తానే మార్చుకుంటుంది. ఎక్కడో చూసిన ఆప్షన్లతో ఆ పరిమాణాన్ని దయచేసి బిగించకండి.