మాడిఫైడ్ స్టార్చ్‌లో అసలు మార్చేది ఏమిటి, అది ఎక్కడెక్కడ పనికొస్తుంది?

టమాటా సాస్ సీసా మీద ఐఎన్ఎస్ 1422 (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యల్లో ఒక రకం మాడిఫైడ్ స్టార్చ్‌ది) అని చూశానని, ఈ మాడిఫైడ్ స్టార్చ్ జన్యుమార్పిడి సరుకేనా అని, మామూలు కార్న్‌ఫ్లోర్‌తో, అంటే మార్పు చేయని మొక్కజొన్న స్టార్చ్‌తో, అదే పని ఎందుకు జరగదని, తిండికి కాక ఇంకెక్కడ వాడతారని మీరు అడిగారు. చెన్నై అంబత్తూరులో స్టార్చ్ వాడే పరిశ్రమల కోసం నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి, అక్కడ చూసినదాన్ని ఆధారం చేసుకుని జవాబు రాస్తున్నాను.

జన్యుమార్పిడికి, ఈ పేరుకు సంబంధం లేదు. మొక్కజొన్న, కర్రపెండలం, బంగాళాదుంప వంటి వాటి నుంచి స్టార్చ్‌ను వేరు చేసిన తరువాత దాన్ని వేడితోనో, ఆమ్లంతోనో, ఎంజైముతోనో, ఏదైనా రసాయనంతోనో కొద్దిగా మారుస్తారు. ఆ మార్పు ఎంత స్వల్పమో మీరడిగిన 1422నే తీసుకుని చెప్పవచ్చు. ఇందులో స్టార్చ్‌కు ఎసిటైల్, అడిపేట్ అనే రెండు రసాయన గుంపులను తగిలిస్తారు. ఆహారంలో వాడే ఈ రకంలో ఎసిటైల్ భాగం 2.5 శాతానికి, అడిపేట్ భాగం 0.135 శాతానికి మించకూడదు.

ఇంత స్వల్పమైన మార్పు అవసరమెందుకో తెలియాలంటే మామూలు స్టార్చ్ బలహీనతలు తెలియాలి. స్టార్చ్ రేణువులో పొడవైన గొలుసు వంటి అమైలోజ్, కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయి. మామూలు మొక్కజొన్న స్టార్చ్‌లో అమైలోజ్ సుమారు నాలుగో వంతు ఉంటుంది. నీళ్లలో కలిపి వేడి చేస్తే 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, మిశ్రమం చిక్కబడుతుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండును గానీ, ఇంకా మరిగించినా, పులుపు తగిలినా, యంత్రంలో బలంగా చిలికినా ఆ ఉబ్బిన రేణువులు పగిలి చిక్కదనం పడిపోతుంది. చల్లారిన తరువాత అమైలోజ్ గొలుసులు మళ్లీ ఒకదానికొకటి దగ్గరగా చేరి, తమ మధ్య ఉన్న నీటిని బయటికి నెట్టేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి బిరుసెక్కడానికి కూడా స్టార్చ్ ఇలా తిరిగి బిగుసుకోవడమే కారణం.

రెడ్‌హిల్స్ దగ్గర సాస్ తయారుచేసే నెల్లూరు పెద్దాయన ఒకరు మా దగ్గరికి రెండు సీసాలు తెచ్చి, "నింపేటప్పుడు లేని నీళ్లు నెల తిరిగేసరికి పైకి ఎక్కడి నుంచి వస్తున్నాయి నాయనా?" అని అడిగారు. ఆయన వాడుతున్నది మామూలు కార్న్‌ఫ్లోర్. ఆ సాస్ చుక్కను నీటితో పలుచన చేసి, అయోడిన్ వేసి సూక్ష్మదర్శిని కింద చూపించాను. చిరిగిన రేణువుల ముక్కలు, వాటి చుట్టూ నీలిరంగు మసక తప్ప గుండ్రంగా ఏదీ మిగలలేదు. అదే వంటకాన్ని 1422తో చేసి చూపించినప్పుడు రేణువులు బాగా ఉబ్బి, అంచు చెదరకుండా ఒక్కొక్కటిగా కనబడ్డాయి. అడిపేట్ వంతెనలు గొలుసులను అక్కడక్కడ కుట్టు వేసినట్టు కలిపి ఉంచుతాయి గనుక పులుపుకు, మరుగుకు రేణువు విడిపోదు. ఎసిటైల్ గుంపులు గొలుసుల మధ్య అడ్డుగా నిలుస్తాయి గనుక అవి తిరిగి దగ్గరపడలేవు, నీరూ బయటికి రాదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ కుట్లు ఎక్కువైతే రేణువు ఉబ్బనే ఉబ్బదు, సాస్ పలుచగానే ఉండిపోతుంది. అందువల్ల ఖరీదైన గ్రేడ్ అయితే మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మీ వంట ఎంత పుల్లన, ఎంత వేడి, ఎంతసేపు అన్నవే గ్రేడ్‌ను నిర్ణయించాలి.

తిండి బయటి వాడకం చాలా విస్తారమైనది. కాగితం తయారీలో గుజ్జులోని నారలకు రుణావేశం ఉంటుంది కనుక, స్టార్చ్‌కు ధనావేశమిచ్చే గుంపును తగిలించి కాటయానిక్ స్టార్చ్‌గా మారుస్తారు. అది నారలను అంటిపెట్టుకుని కాగితానికి బలాన్నిస్తుంది, నీటితో పాటు కొట్టుకుపోదు. బట్టల మిల్లుల్లో పడుగు దారానికి గంజి పట్టించడానికి సోడియం హైపోక్లోరైట్‌తో ఆక్సీకరించిన స్టార్చ్ వాడతారు. చేనేత గంజి పని కూడా ఇదే గానీ, వేగంగా నడిచే మగ్గాలకు గంజి పలుచగా ఉండి దారం లోపలికి దిగాలి, ఆక్సీకరణ వల్ల గొలుసులు పొట్టివై ఆ గుణం వస్తుంది. మాత్రల తయారీలో సోడియం స్టార్చ్ గ్లైకోలేట్‌ను సాధారణంగా 2 నుంచి 8 శాతం వరకు కలుపుతారు. కడుపులోని నీరు తగలగానే అది ఉబ్బి మాత్రను విడగొడుతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలోని నీరు రాతిపొరల్లోకి ఇంకిపోకుండా కూడా స్టార్చ్ కలుపుతారు.

నాకు దగ్గరగా తెలిసినది అట్టపెట్టెల పని. పెద్ద కర్మాగారాల్లో కొంత స్టార్చ్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి, అందులో పచ్చి స్టార్చ్‌ను, బొరాక్స్‌ను కలిపి జిగురు చేస్తారు. వేడి రోలర్ల మధ్య ఆ పచ్చి భాగం అప్పటికప్పుడు ఉడికి కాగితం అంటుకుంటుంది. గుమ్మిడిపూండి వైపు ఉన్న చిన్న యూనిట్లలో ఉడికించే వసతి ఉండదు. వారు గమ్ పౌడర్ అని కొనేది ముందే ఉడికించి ఆరబెట్టి పొడి చేసిన స్టార్చ్, చల్లని నీళ్లలోనే చిక్కబడుతుంది. పొడి మీద నీళ్లు పోస్తే బయట జిగురు పొర కట్టి లోపల పొడి పొడిగానే మిగిలిన ఉండలు తయారవుతాయి కనుక, తిరుగుతున్న నీటిలోకి పొడిని కొద్దికొద్దిగా చల్లాలి. జిగురు సరిగా అంటడం లేదని మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సరుకు లోపం కన్నా ఈ ఉండల లోపమే ఎక్కువగా కనిపిస్తుంది.

కొనేవారికి నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, "మాడిఫైడ్ స్టార్చ్ ఇవ్వండి" అని అడగవద్దు. ఏ రకం మార్పు, ఆహార గ్రేడా పారిశ్రామిక గ్రేడా అని రాతపూర్వకంగా అడగండి, తేమ, పీహెచ్, చిక్కదనం చూపే పరీక్షా పత్రం తీసుకోండి. కాగితానికో అట్టకో చేసిన సరుకును చవక అని తిండిలో కలపడం నేరం, ప్రమాదం. గ్లూటెన్ పడనివారు మూలం గోధుమా కాదా అని తప్పక కనుక్కోవాలి. మధుమేహం ఉన్నవారు ఇలాంటి స్టార్చ్‌లను కూడా పిండి పదార్థం లెక్కలోనే చూసుకోవాలి, ఎందుకంటే సాస్‌లలో వాడే రకాల్లో అధిక భాగం మామూలు స్టార్చ్ లాగానే జీర్ణమై గ్లూకోజ్ అవుతుంది.

మీ ఇంట్లో వండి ఆ పూటే తినే సూపుకో గ్రేవీకో మాత్రం కార్న్‌ఫ్లోర్ సరిపోతుంది, 1422 కోసం వెతకనక్కరలేదు.