కారు బ్యాటరీ మీద ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుందా? ముందు వైరు చూడండి

క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు చిన్న ఫ్రిజ్‌ని కారు బ్యాటరీ మీద రాత్రంతా వదిలేస్తే పొద్దున బండి స్టార్ట్ అవుతుందా, రెండో బ్యాటరీ కొనక తప్పదా అని అడిగారు. ఎవరిని అడిగినా బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, వేలకు వేలు పోసే లిథియం సరంజామా దగ్గర తేలుస్తారు. నన్నడిగితే పదిమందిలో తొమ్మిదిమందికి ఇబ్బంది బ్యాటరీతో కాదు, వైరుతో.

మాది శ్రీకాకుళం. కిందటి వేసవిలో అక్కావాళ్లు, మేము కలిసి బారువ బీచ్‌కి వెళ్లాం. బావ తెప్పల దగ్గర బేరమాడి పెద్ద కోనాం చేప ఒకటి కొన్నాడు. మధ్యాహ్నం సగం వండేశాం, మిగతా సగం ఉప్పూ పసుపూ రాసి మర్నాటికని డిక్కీలో ఉన్న నా ఫ్రిజ్‌లో పెట్టాం. బావది డీజిల్ బండి. అంతకుముందే యాక్సెసరీస్ షాపులో ఫ్రిజ్ కోసమని ముందున్న బ్యాటరీ నుంచి వెనక దాకా వైరు లాగించాడు, లోపల కనపడకుండా చాలా నీటుగా చేశారు కూడా. అర్ధరాత్రి కాకముందే ఫ్రిజ్ కీచుమని అరిచి ఆగిపోయింది. బావ లేచి టార్చ్ వేసి చూసి, "బేటరీ అయిపోనాదిరా, పొద్దున్న అందరం కలిసి తోసుకోవాలి, ఏటి ఫ్రిజ్జిరా నీది" అని మొదలుపెట్టాడు. టెంట్‌లోంచి అక్క, "బండి సంగతి తర్వాత, ముందు ఆ చేప సంగతి చూడండి" అంది.

మల్టీమీటర్ ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది (దాని మీద మా ఆవిడ వేసే జోకులు వేరే సంగతి). బానెట్ ఎత్తి బ్యాటరీ మీద పెడితే 12.4 వోల్టులు. అంటే ఇంకా సగం పైనే ఉంది. వెనక్కి వచ్చి ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర చూస్తే, కంప్రెసర్ తిరగబోయిన ప్రతిసారీ 11.3కి పడిపోతోంది. "బావా, తాళం తిప్పి చూడు" అన్నాను. బండి ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.

జరిగింది ఏమిటంటే, ఈ ఫ్రిజ్‌లు బ్యాటరీలో ఎంత మిగిలిందో చూడవు, తమ ప్లగ్గు దగ్గరకి ఎన్ని వోల్టులు వచ్చాయో అదే చూస్తాయి. బ్యాటరీ ప్రొటెక్షన్ అని హై, మీడియం, లో ఉంటాయి కదా, హైలో పెడితే పన్నెండుకి కాస్త కిందకి దిగగానే కట్ అయిపోతుంది. కంప్రెసర్ తిరిగేటప్పుడు 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. షాపువాడు లాగింది 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఇంట్లో టేబుల్ ఫ్యాన్‌కి వేసేలాంటిది. ఐదు మీటర్ల దూరమంటే పోనూ రానూ పది మీటర్లు, అందులోనే దాదాపు 1.15 వోల్టులు కరిగిపోతాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోయేది 0.2 మాత్రమే. తేడా కొన్ని వందల రూపాయలు! ఆ రాత్రికి ప్రొటెక్షన్‌ని "లో" మీద పెట్టి నడిపించాం, చేపకేం కాలేదు. ఊరొచ్చాక లావు వైరు వేసి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాం. ఫ్యూజు లేకుండా మాత్రం ఎవరు లాగుతానన్నా ఒప్పుకోకండి, వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే బండే తగలబడుతుంది. బావ మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్‌దే తప్పంటాడు.

ఇక మీ అసలు ప్రశ్న. మన ఉక్కపోతలో కంప్రెసర్ సగం సేపు తిరుగుతుందనుకోండి, పది గంటల్లో ఐదు గంటలు ఐదేసి ఆంపియర్లు, అంటే 25 ఆంపియర్ అవర్లు. డీజిల్ బండికి అరవై ఆంపియర్ అవర్ల పైన బ్యాటరీ ఉంటే ఒక రాత్రి గడిచిపోతుంది. 35 ఉండే చిన్న పెట్రోల్ కారుకి వద్దు, స్టార్టింగ్ కోసం చేసిన బ్యాటరీని సగం దాటి దించితే దాని ఆయుష్షు తరుగుతుంది. రెండు మూడు రోజులు ఒకేచోట ఉండేవాళ్లకి రెండో బ్యాటరీ కావాలి, ఆ మాట నిజమే. బిఎస్6 బండైతే దానికి డీసీ టు డీసీ చార్జర్ (రెండో బ్యాటరీకి సరిపడా వోల్టులు అందించే పెట్టె) కూడా కలుపుకోండి. యూట్యూబ్‌లో లడఖ్ వెళ్లి "మూడు రోజులు నడిచింది" అనేవాళ్ల లెక్కలు మే నెలలో మనకి పనికిరావు. ఇంట్లోనే కరెంటు మీద బాగా చల్లబరిచి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు పడేసి బయల్దేరితే సగం భారం తగ్గుతుంది. దారిలో వెచ్చటి కూల్‌డ్రింకులు కొని అందులో తోసే బంధువుల్ని మాత్రం ఏ బ్యాటరీ కాపాడలేదు.

తక్కువ ధరకి ఆన్‌లైన్‌లో "కార్ ఫ్రిజ్" అని అమ్మే, కంప్రెసర్ లేని పెల్టియర్ డబ్బాలు కొనకండి. అవి ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటాయి, బయటి వేడి కంటే ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించడమే గొప్ప. బయట 38 ఉంటే లోపల చేప ఉడకదంతే! ఒక్క రాత్రికైతే వేటకెళ్లేవాళ్లు వాడే థర్మోకోల్ పెట్టె, దంచిన ఐసు చాలు. ఇంకోటి, బారువ వైపు జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఆ రోజుల్లో ఇసుకలోకి బండ్లు దించి, రాత్రంతా ఎల్ఈడీ బార్లు వెలిగించి, సీసాలు పగలగొట్టి పోయేవాళ్లని ఏమనాలో తెలీదు.

నిజానికి నేను ఫ్రిజ్ కొన్నది క్యాంపింగ్‌కి కాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అమ్మ అక్కడే ఉంది, ఆవిడ ఇన్సులిన్ కుండ చల్లదనంలో పెట్టుకుని గడిపింది. మన జిల్లాలో దీనికి అసలు పని తుఫాన్లొచ్చే అక్టోబర్, నవంబర్‌లలోనే. అందుకు కొంటుంటే 4, 5 డిగ్రీల మధ్య పెట్టండి, మందుని ఫ్రిజ్ లోపలి గోడకి ఆనించకండి, ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే ఇక వాడకూడదు.