బ్లాగు కొత్తదైంది, నా పద్యాలేమయ్యాయి?

ప్రశ్న: సార్, నేను ఉదయగిరిలో ఉంటాను. తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు రాస్తున్నాను. మా కోట, చెక్క గరిటెలు చేసేవాళ్ల మాటలు, పెద్దవాళ్లు చెప్పగా రాసుకున్న చాటు పద్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈమధ్య సైటు చూసే అబ్బాయి ‘వెర్షన్ మరీ పాతది మేడమ్’ అని ఒక్కసారిగా కొత్తదానికి మార్చేశాడు. ఇప్పుడు ఎడమ పక్క మెనూ కనపడదు. పద్యం టైప్ చేస్తే ఏ పాదానికా పాదం దూరంగా జరిగిపోతోంది. పాత పోస్టు తెరిస్తే ‘కన్వర్ట్ టు బ్లాక్స్’ అని అడుగుతోంది. కొన్ని పోస్టుల్లో తెలుగు పోయి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. పాతదానికి వెళ్లిపోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ పిచ్చి అక్షరాల సంగతి చూద్దాం. మిగతావి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, దీన్ని ఆలస్యం చేస్తే మాత్రం పద్యాలే పోతాయి. ఆ పోస్టుల్లో దేన్నీ తెరిచి సేవ్ గానీ అప్‌డేట్ గానీ నొక్కకండి.

వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో మన ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడేసి బైట్లుగా నిల్వ అవుతుంది. పాత సైట్లలో రాతలు దాచే డేటాబేస్ చాలాచోట్ల లాటిన్ పద్ధతిలో ఉండేది. మార్చేటప్పుడు ఆ తేడా చూసుకోకపోతే, మూడు బైట్లు మూడు వేరే గుర్తులుగా కనపడతాయి. మీకు కనిపించేవి టోపీలు, కొమ్ములు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాల్లాంటివైతే ధైర్యంగా ఉండండి, లోపల మీ తెలుగు చాలావరకు క్షేమంగానే ఉంటుంది, తెలిసినవాళ్లు వెనక్కి తేగలరు. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అక్కడ అక్షరం చెరిగిపోయిందనే అర్థం. అప్పుడు మార్చకముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దిక్కు. సర్వర్లవాళ్లు పాత బ్యాకప్‌లు ఎక్కువ రోజులు ఉంచరు. కాబట్టి ఈరోజే ఆ అబ్బాయికి ఫోన్ చేసి, పాత డేటాబేస్ కాపీ ఒకటి మీ చేతికి ఇమ్మని అడగండి. మొహమాటపడకండి, అది మీ రాత.

ఇక కొత్త ఎడిటర్. 2018 డిసెంబర్‌లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లో ప్రతి పేరా ఒక విడి బ్లాక్. ఎంటర్ కొడితే కొత్త బ్లాక్ మొదలవుతుంది, మీ పాదాలు విడిపోతున్నది అందుకే. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి, పాదం కిందికి దిగుతుంది గానీ పద్యం విడిపోదు. పద్యాలకనే ‘వెర్స్’ అనే బ్లాక్ కూడా ఉంది. అందులో ఉత్త ఎంటర్ చాలు, మీరిచ్చిన ఖాళీలు కూడా అలాగే నిలుస్తాయి. పాత ఎడిటర్‌లో సీస పద్యం పాదాలు సరిచేయడానికి ఎంత తంటాలు పడేవాళ్లమో మీకు నేను చెప్పాలా! ఈ ఒక్క వసతి కోసమైనా కొత్తదాన్ని అలవాటు చేసుకోమంటాను.

మెనూ ఎక్కడికీ పోలేదు. 2020లో వచ్చిన 5.4 నుంచి ఎడిటర్ స్క్రీన్ మొత్తం పరుచుకుంటోంది. కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి ‘ఫుల్‌స్క్రీన్ మోడ్’ తీసేయండి, మెనూ వచ్చేస్తుంది. ‘టాప్ టూల్‌బార్’ కూడా అక్కడే ఉంటుంది. అది పెట్టుకుంటే టూల్స్ పేరాల మీదికి వచ్చి అడ్డం పడకుండా పైనే ఉంటాయి.

పాత పోస్టులను ‘కన్వర్ట్’ చేయాల్సిన పనేమీ లేదు. చదివేవాళ్లకు అవి ఎప్పటిలాగే కనపడతాయి.

పాత వెర్షన్‌కు మాత్రం వెళ్లకండి. దాంట్లోని లొసుగులు బయటివాళ్లకు తెలిసిపోయి ఉంటాయి. పాత ఎడిటరే కావాలనుకుంటే ‘క్లాసిక్ ఎడిటర్’ అనే ప్లగిన్‌ను, అంటే సైటుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ను, వర్డ్‌ప్రెస్ వాళ్లే ఇస్తున్నారు. అది పెట్టుకుని వారంలో ఒక పోస్టు కొత్త పద్ధతిలో రాసి చూడండి.

ఇంకొక మాట. ‘టూల్స్’లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే మీ రాతలన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. ఫొటోలు అందులో రావు, వాటి చిరునామాలే వస్తాయి. కాబట్టి ‘అప్‌లోడ్స్’ ఫోల్డర్‌ను విడిగా దించుకోవాలి. నర్ది, కలివి కట్టెతో గరిటె తీసే చేతుల ఫొటోలు మీ దగ్గర ఉంటే, అవి ఇంకెవరి దగ్గరా ఉండవు కదా. రెండు చోట్ల దాచండి.

ప్రశ్న: అన్నా, మాది ఒంగోలు దగ్గర పల్లె. బండలాగుడు పోటీల ఫొటోలు, గిత్తల వివరాలు నా సైట్‌లో పెడుతుంటా. అప్‌డేట్ నొక్కగానే ‘క్రిటికల్ ఎర్రర్’ అని వచ్చింది. అంతా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పోలేదు తమ్ముడూ. చాలాసార్లు ఏదో ఒక పాత ప్లగిన్ కొత్త వెర్షన్‌తో పొసగక ఇలా ఆగిపోతుంది. సైట్ అడ్మిన్‌గా ఇచ్చిన ఈమెయిల్ చూడు, స్పామ్ కూడా చూడు. 2019లో వచ్చిన 5.2 నుంచి, ఇలా ఆగినప్పుడు వర్డ్‌ప్రెస్ రికవరీ లింక్ పంపుతుంది, తప్పు ఏ ప్లగిన్‌దో కూడా అందులో చెబుతుంది. ఆ లింక్‌తో లోపలికి వెళ్లి దాన్ని ఆపేయి. మెయిల్ రాకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ‘ప్లగిన్స్’ ఫోల్డర్ పేరు మార్చు, అన్నీ ఆగి సైట్ తెరుచుకునే అవకాశం ఎక్కువ. తర్వాత అడ్మిన్‌లో ప్లగిన్స్ పేజీ ఒకసారి తెరిచి, ఆపైన ఫోల్డర్‌కు పాత పేరే పెట్టి, ఒక్కో ప్లగిన్‌నే ఆన్ చేసుకుంటూ రా. ఏది ఆన్ చేయగానే సైట్ మళ్లీ ఆగిందో అదే దోషి. ఈ గొడవలో ‘అప్‌లోడ్స్’ ఫోల్డర్ జోలికి మాత్రం పోవద్దు, నీ గిత్తల ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి.