పసుపు పాలు తాగితే సర్ది, ఫ్లూ రాకుండా ఉంటాయా?

అక్కా, ముందు సూటిగా చెప్తాను: పాలు తాగించండి, క్యాప్సూల్స్ డబ్బా మాత్రం కొనకండి. చలి మొదలైనప్పటి నుంచి పిల్లలిద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి సర్ది, దగ్గు వస్తున్నాయని, రోజూ రాత్రి పసుపు పాలు తాగితే ఫ్లూ, కొవిడ్ లాంటివి దగ్గరికి రావని మీ అత్తమ్మ అంటున్నారని రాశారు. పైగా తెలిసినవాళ్లెవరో ఇంటిల్లిపాదికీ కర్క్యుమిన్ (పసుపులోంచి తీసే పదార్థం) క్యాప్సూల్స్ వాడమంటున్నారట. పాలతో నష్టం లేదు. అవే వైరస్‌ను ఆపుతాయని నమ్మి మిగతా జాగ్రత్తలు వదిలేస్తేనే చిక్కు.

నేను డాక్టర్ని కాను. వరంగల్‌లో మెడికల్ షాపు నడుపుతాను. మా ఊరు మెట్‌పల్లి దిక్కు, మాది పసుపు పండించే ఇల్లు. పసుపును తక్కువ చేసి మాట్లాడితే నన్ను మొదట తిట్టేది మా బాపే.

మా ఊళ్లో జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, కల్లంలో ఎండబెట్టుడు, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టుడు. డ్రమ్ము తిరిగే చోట నిలబడితే ముక్కులో, నోట్లో, బట్టల్లో అంతా పసుపే. ఉమ్మేస్తే ఉమ్మి కూడా పచ్చగానే ఉంటుంది. అట్లని ఆ నెలల్లో ఎవరికైనా సర్ది రాకుండా ఆగిందా? ఆ దుమ్ముకు దగ్గు ఇంకో రెండు పాళ్లు ఎక్కువే. 2021 వేసవిలో కొవిడ్ రెండో విడత మా ఊరినీ వదల్లేదు. అప్పుడు ఏ ఇంట్లో చూసినా కషాయం మరుగుతూనే ఉండేది. ఇది పరిశోధనేం కాదు, ఒక ఊరి సంగతి. అయినా పసుపు మధ్యనే బతికేవాళ్లను చూసినవాణ్ని కాబట్టి వాట్సాప్‌లో వచ్చే మాటలు నాకు అంత తేలిగ్గా ఎక్కవు.

మరి పేపర్లలో వచ్చేవన్నీ అబద్ధాలా అంటే, కాదు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌ను ల్యాబుల్లో వైరస్‌ల మీద చాలాసార్లు పరీక్షించారు. ఫ్లూ తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఒంట్లో ఏ కణంలోకి దూరాలన్నా ముందు తన పైనున్న హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌తో ఆ కణాన్ని పట్టుకోవాలి. గాజు గిన్నెలో పెంచిన కణాల్లో కర్క్యుమిన్ ఆ పట్టును చెడగొట్టింది, వైరస్ సంఖ్య తగ్గింది. కరోనా జాతి వైరస్‌ల మీదా ఇట్లాంటి ఫలితాలే వచ్చాయి. జబ్బు ముదిరినప్పుడు ఊపిరితిత్తుల్లో వాపును పెంచే ఐఎల్-6 లాంటి పదార్థాలను కూడా అది తగ్గిస్తుందని చూశారు. ఇవన్నీ నిజమే.

తిరకాసు గిన్నె దాటి మనిషి దగ్గరికి వచ్చాకే మొదలవుతుంది. గిన్నెలో కర్క్యుమిన్ నేరుగా వైరస్ మీద పడుతుంది. మనం మింగినది పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల లోపలి పొరల దాకా చేరాలి. అది నీళ్లలో కరగదు. కొవ్వులో కరుగుతుంది కాబట్టి పాలలో కలిపే మన పద్ధతి కొంత నయమే. కానీ పేగు గోడ, కాలేయం కలిసి దాన్ని చాలా త్వరగా వేరే రూపంలోకి మార్చి బయటికి పంపేస్తాయి. ఇంకో సంగతి, కర్క్యుమిన్ కంటపడిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కునే రకం, దానికితోడు తానే మెరుస్తుంది. అందుకే ల్యాబు పరీక్షల్లో లేని గుణాన్ని కూడా ఉన్నట్టు చూపించి మోసం చేయగలదని 2017లో ఔషధ రసాయన నిపుణులు గట్టిగానే రాశారు.

ఇప్పుడు లెక్క చూడండి. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పింది 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర చెంచా పసుపు. అర చెంచా అంటే గ్రామున్నర అటూ ఇటూ. మామూలు పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు అనుకుంటే గ్లాసుకు 45 మిల్లీగ్రాములు. మహారాష్ట్రలో ఒక కొవిడ్ కేంద్రంలో 140 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. అందులో మామూలు చికిత్సతో పాటు పూటకు 525 మిల్లీగ్రాముల కర్క్యుమిన్, కొంచెం పైపెరిన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం) కలిపి రోజుకు రెండు పూటలు ఇచ్చారు. అంటే రోజుకు వెయ్యికి పైన. పాలతో అంత కావాలంటే ఇరవైకి పైగా గ్లాసులు తాగాలి. ఆ అధ్యయనంలో కర్క్యుమిన్ తీసుకున్నవాళ్లు కాస్త తొందరగా తేరుకున్నారని రాశారు. ఫలితం ఆశ పుట్టించేదే. కానీ వాళ్లంతా అప్పటికే జబ్బు పడినవాళ్లు, పైగా మంది తక్కువ. జబ్బు రాకుండా ఆపుతుందా అన్న మీ ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మిరియాలు కలిపితే కర్క్యుమిన్ 20 రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. అది 1998లో బెంగళూరు పరిశోధకులు చేసిన పని. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే రక్తంలోకి చేరేది ఆ మేర పెరిగింది. పైపెరిన్ లేకుండా అంత డోసు మింగినా రక్తంలో దొరకడమే కష్టమైంది. దాదాపు లేనిదానికి 20 రెట్లు అంటే ఎంతో మీరే ఆలోచించండి. పాలలో ఏడెనిమిది మిరియాలు దంచి వేస్తే గొంతుకు హాయిగా ఉంటుంది, అది వేరే సంగతి.

పసుపు పేటెంటు కేసును కూడా దీనికి సాక్ష్యంగా తెస్తుంటారు. 1995లో ఒక అమెరికా యూనివర్సిటీ వాళ్లు పసుపు మీద పేటెంటు తీసుకుంటే మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించింది. గర్వపడాల్సిన విషయమే. అయితే ఆ పేటెంటు గాయాలు మానడం గురించి. తెగిన చోట పసుపు అద్దడం మా అవ్వకు ముందే తెలుసన్నది అక్కడ రుజువైంది. ఫ్లూ మాట ఆ కేసులో ఎక్కడా లేదు.

మీ అత్తమ్మ మాట ఒట్టిది కాదనిపించడానికి కారణం ఉంది. మామూలు సర్ది వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. మూడో రోజు పసుపు పాలు మొదలుపెడితే ఏడో రోజుకు తగ్గిన పేరు పాలకు వస్తుంది. వేడిగా ఏది తాగినా గొంతు మంట తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అంతవరకు మేలే, నేనూ తాగుతాను.

ఇక క్యాప్సూల్స్. మీ అత్తమ్మ గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారని రాశారు కాబట్టి ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ ఆ మాత్రలతో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు నొప్పి రావచ్చు. ఇటలీలో, అమెరికాలో ఈ డబ్బాలు వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులు నమోదయ్యాయి. వాటిలో పైపెరిన్ కలిపిన రకాలు కూడా ఉన్నాయి. మిరియాల సత్తు కర్క్యుమిన్ ఒక్కదాన్నే కాదు, వేరే మందులను కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. కూరలో వేసే పసుపుతో ఈ భయం లేదు. నా షాపులో లాభం ఎక్కువ మిగిలేది ఇట్లాంటి డబ్బాల మీదే అక్కా, అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లు అడిగితే డాక్టర్ చీటీ తెమ్మనే అంటాను.

ఆ డబ్బు పెట్టదలుచుకుంటే అత్తమ్మకు ఫ్లూ టీకా వేయించండి. ఏడాదికోసారి వేయించుకోవాలి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి ఎక్కువగా తిరుగుతుంది. ఆ వయసులో న్యుమోనియా టీకా గురించి కూడా డాక్టర్‌ను అడగండి. పిల్లలు బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. సర్ది ఉన్నవాళ్లు అత్తమ్మ పక్కన పడుకోకూడదు. చలి అని కిటికీలన్నీ మూసి, లోపల దోమల కాయిల్ వెలిగిస్తే దగ్గు తగ్గదు.

పిల్లవాడు ఎగపోస్తున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతున్నా, నీళ్లు కూడా తాగకపోయినా, పెద్దవాళ్లకు ఆక్సీమీటర్‌లో 94 కన్నా తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. ఇంకో గ్లాసు పాలు తాగించి చూద్దామని ఆగొద్దు.

పసుపు నీళ్ల ఆవిరి గురించి కూడా అడిగారు. కర్క్యుమిన్ ఆవిరిగా పైకి లేవదు, పసుపులోని నూనెల వాసన మాత్రమే వస్తుంది. పట్టుకోవాలంటే పెద్దవాళ్లు పట్టుకోండి. పిల్లలకు మాత్రం వద్దు, గిన్నె ఒలికి కాళ్లు కాలినవాళ్లు మందు కోసం మా షాపుకే వస్తారు. పుక్కిలించడం మంచిదే. జపాన్‌లో 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉత్త నీళ్లతో రోజూ పుక్కిలించినవాళ్లకు సర్దులు తగ్గాయి. అందులో పసుపు లేదు, ఉప్పు కూడా లేదు.

పాలలోకి విడిగా అమ్మే పొడి కొనకండి, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న విషపు రంగు కలిపేవాళ్లు ఉన్నారు. కొమ్ములు తెచ్చుకుని, ఎండలో ఒక పూట ఆరబెట్టి గిర్నీలో పట్టించుకోండి. మిరపకాయలు పట్టిన వెంటనే మాత్రం మీ పసుపు వేయనీయకండి, లేకపోతే ఆ రాత్రి పాలు పిల్లలు ముట్టరు.