డాక్టర్ సలహా: మంచం పట్టిన అమ్మకు ఏ నర్సింగ్ హోమ్ మంచిది?

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట స్పష్టంగా రాదు. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్‌తోనే ఆహారం ఇస్తున్నాం. మూత్రానికి క్యాథెటర్ ఉంది. షుగర్, బీపీ కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇంట్లోనే ఆయాను పెట్టి చూసుకున్నాం. ఇద్దరు మానేశారు. నాకు ఉద్యోగం తప్పదు. మేము ఉండేది కూకట్‌పల్లిలో. మియాపూర్, కొంపల్లి, ఎల్బీనగర్ వైపు మూడు నర్సింగ్ హోములు చూశాం. ఎల్బీనగర్ వైపు ఉన్నది హోటల్‌లా మెరిసిపోతోంది. మియాపూర్‌లోది పాత రెండంతస్తుల ఇల్లు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, అక్కడ నర్సింగ్ హోములకు నక్షత్రాల రేటింగ్ ఉంటుందని, అలాంటిది చూసి నిర్ణయించమని అంటున్నాడు. చుట్టాలేమో 'తల్లిని ఆశ్రమంలో పడేస్తావా' అంటున్నారు. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చుట్టాల సంగతి ముందే తేల్చేద్దాం. రాత్రి రెండు గంటలకు మీ అమ్మగారిని పక్కకు తిప్పడానికి వాళ్లలో ఎవరైనా వస్తారేమో అడగండి. వస్తామంటే సరే, రామంటే ఆ మాటను అక్కడితో వదిలేయండి. గొట్టాలతో మంచంలో ఉన్న మనిషిని ఒక్కరు ఇరవై నాలుగు గంటలూ చూసుకోలేరు. ఇద్దరు ఆయాలు మానేయడానికి కారణం కూడా బహుశా అదే.

రెండో చిక్కు పేరుతో వస్తుంది. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, అపెండిక్స్ ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అమెరికాలో అదే మాటకు అర్థం, వృద్ధులు, దీర్ఘరోగులు నెలల తరబడి ఉండే చోటు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఈ రెండింటికీ, మామూలు వృద్ధాశ్రమాలకూ, పక్షవాతం తర్వాత కోలుకునే రిహాబ్ కేంద్రాలకూ కలిపి 'ఎల్డర్ కేర్' అనే ఒకే బోర్డు కనిపిస్తోంది. తమ పని తాము చేసుకోగలిగిన పెద్దవాళ్లకు వృద్ధాశ్రమం చాలు. మీ అమ్మగారికి చాలదు. గొట్టాలు, ఇన్సులిన్, పడకపుండ్ల భయం ఉన్న మనిషికి రాత్రీ పగలూ చదువుకున్న నర్సు ఉండే చోటే కావాలి. అలా వైద్యసేవ అందించే సంస్థ 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా పెట్టాలి. లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద అది ఉందేమో చూడండి. అడిగితే 'రెన్యువల్‌కు వెళ్లింది' అనే జవాబు నాకు చాలాసార్లు ఎదురైంది. అలాగైతే రసీదు చూపించమనండి.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వ్యవస్థ మెడికేర్ 2008 నుంచి నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తోంది. వాటికి ఆధారాలు మూడు: ముందు చెప్పకుండా వెళ్లి చేసే తనిఖీలు, ఒక్కో రోగికి ఎంత నర్సింగ్ సమయం దొరుకుతోందన్న లెక్క, రోగుల పరిస్థితి మెరుగవుతోందా దిగజారుతోందా అనే కొలతలు. తనిఖీలదే మొదటి స్థానం, మిగతా రెండూ దాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. మూడో భాగంలో చాలా వివరాలు హోములు స్వయంగా నింపి పంపేవే కాబట్టి ఆ నక్షత్రాల మీద విమర్శలూ ఉన్నాయి. మనకు అలాంటి పట్టిక లేదు. గూగుల్‌లో కనిపించే నక్షత్రాలు వేసేది చూడటానికి వచ్చిన బంధువులు. మంచంలో ఉన్నవాళ్లు రివ్యూలు రాయరు కదా. అయితే ఆ మూడు పనులూ మీరు సొంతంగా చేసుకోవచ్చు. ఒక వారం పడుతుంది.

తనిఖీతో మొదలుపెట్టండి. మీరు మొదటిసారి వెళ్లింది ఫోన్ చేసి, పదకొండు గంటలకు అయివుంటుంది. ఆ సమయానికి నేల తుడిచి, దుప్పట్లు మార్చి, అందరికీ తల దువ్వి ఉంచుతారు. ఈసారి చెప్పకుండా ఆదివారం సాయంత్రం వెళ్లండి. ఇంకోసారి రాత్రి తొమ్మిది దాటాక. లోపలికి రానివ్వకపోతే, రోగి బంధువులు ఏ వేళల్లో రావచ్చో కాగితం మీద అడగండి. వేళలు పెట్టుకోవడం తప్పేమీ కాదు. కానీ రోజుకు ఒక్క గంటే అనే చోటికి నేనైతే మా ఇంటి మనిషిని పంపను. వెళ్లినప్పుడు మొదట ముక్కుతో చూడండి. మూత్రం వాసన ఒక గదిలో వస్తే ఎవరికో అప్పుడే డైపర్ తడిసిందని అర్థం. అంతస్తంతా వస్తుంటే మార్చేవాళ్లు లేరన్నమాట. ఘాటైన ఫినాయిల్ వాసనను కూడా నేను అనుమానంగానే చూస్తాను.

సాయంత్రం నాలుగున్నరకు హాల్లో అందరూ నిద్రపోతూ కనిపిస్తే ఆగి ఆలోచించండి. వృద్ధులు మధ్యాహ్నం కునుకు తీస్తారు, నిజమే. కానీ అందరూ ఒకేసారి, దవడ వేలాడేసి నిద్రపోతున్నారంటే మాత్రల పెట్టె చూడాలి. సిబ్బంది తక్కువైన చోట మత్తు మాత్రలు సిబ్బంది పని చేస్తాయి. వాటితో పడిపోవడాలు, పొలమారడం, న్యుమోనియా పెరుగుతాయి. 'నిద్రమాత్ర కొత్తగా మొదలుపెడితే మాకు ముందు చెబుతారా?' అని అడగండి. మంచానికి చేతులు కట్టిన గుడ్డలు కనిపిస్తే కారణం అడగండి. 'గొట్టం లాగేసుకుంటున్నారు' అంటారు. దానికి డాక్టర్ రాతపూర్వక అనుమతి, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు విప్పారు అనే నమోదు ఉండాలి.

సిబ్బంది లెక్క మేనేజర్ నోట వింటే ఎప్పుడూ బాగానే ఉంటుంది. 'ఇరవై నాలుగు గంటలూ నర్సింగ్' అని బ్రోచర్‌లో ఉంటుంది. మీరు రాత్రి వెళ్లినప్పుడు డ్యూటీలో ఉన్న మనిషినే అడగండి: ఈ అంతస్తులో ఎందరు రోగులు, ఇప్పుడు మీరెందరు? యూనిఫాం వేసుకున్న ప్రతివారూ నర్సు కారు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవారే నర్సు. మిగతావారు కేర్‌టేకర్లు. స్నానం, డైపర్, తినిపించడం కేర్‌టేకర్లు చక్కగా చేస్తారు. రైల్స్ ట్యూబ్ వేయడం, ఇన్సులిన్ మోతాదు చూడటం, పుండుకు కట్టు కట్టడం నర్సు పని. రాత్రి ఆ భవనంలో ఒక్క నర్సూ లేకపోతే, మీ అమ్మగారి గొట్టం ఊడిపోయిన రాత్రి ఏం జరుగుతుందో ఊహించండి. ఆస్పత్రికైనా తీసుకెళ్లాలి, తెల్లారేదాకా పస్తైనా ఉంచాలి. ఇన్సులిన్ వేశాక పస్తు ఉంచితే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మీ అమ్మగారికి మాట రాదు కాబట్టి ఇంకో సంగతి. ఈ పనిలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు, ఎంతో ఓపికగా చేస్తారు. అయినా 'దాహమా? నొప్పా? దుప్పటి కావాలా?' అని తెలుగులో అడిగి, ముఖం చూసి జవాబు పట్టుకునేవారు ప్రతి షిఫ్టులో ఒక్కరైనా ఉండాలి. మాట పోయినంత మాత్రాన వినికిడి, అర్థం చేసుకునే శక్తి పూర్తిగా పోవు.

ఇక మూడోది, అసలైనది, రోగుల ఒంటి పరిస్థితి. నర్సింగ్ బాగుందో లేదో చెప్పడానికి పడకపుండును మించిన సాక్ష్యం నాకు తెలియదు. కదలలేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చకపోతే నడుము కింద ఎముక దగ్గర, తుంటి మీద, మడమల మీద చర్మానికి రక్తం అందక కమిలిపోతుంది. పుస్తకాల్లో 'ఎర్రబారుతుంది' అని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు తేలిగ్గా కనిపించదు. చుట్టుపక్కల చర్మం కన్నా నల్లగా లేదా ఊదాగా మారడం, చేయి పెడితే వెచ్చగా, గట్టిగా తగలడం తొలి గుర్తు. ఇతర రోగుల వీపు చూపించమని అడగకండి, అది వాళ్ల మర్యాదకు సంబంధించిన విషయం. మడమలు దుప్పటి బయటే కనిపిస్తాయి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉంచారా? అయితే అక్కడ పని తెలిసినవారున్నారు. మడమల కింద నీళ్లు నింపిన గ్లవ్స్, నడుము కింద గాలి రింగు కనిపిస్తే పాత పద్ధతి దగ్గరే ఆగిపోయారని అనుకోండి. రింగు చుట్టూ ఒత్తిడి పడి లాభం కన్నా నష్టమే ఎక్కువ. కమిలిన చోట స్పిరిట్‌తో, పౌడర్‌తో గట్టిగా రుద్దడం కూడా అంతే. ఆల్ఫా బెడ్, అంటే మోటారుతో గాలి నింపే పరుపు, మంచిదే. కానీ అది వేశాం కాబట్టి తిప్పక్కర్లేదనుకునే చోట్లు ఉన్నాయి.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనను చూడటానికి ఒక హోముకు వెళ్లాను. పేరు వద్దు. పాలరాతి నేల, రిసెప్షన్‌లో చేపల తొట్టి. మంచానికి పక్క మార్చే చార్టు కట్టి ఉంది: గంటలు, ఎడమ, వెల్లకిలా, కుడి, సంతకం. నేను వెళ్లింది ఉదయం పదకొండున్నరకు. చార్టులో సాయంత్రం ఆరు వరకు సంతకాలు పెట్టేసి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో. చార్టు ప్రకారం ఆయన అప్పుడు కుడి పక్కకు ఉండాలి. వెల్లకిలా ఉన్నారు. తిప్పి చూస్తే నడుము కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. అందుకే చెబుతున్నాను, చార్టు ఉందా అని అడిగి ఊరుకోకండి. చార్టులో ఉన్న పక్కకే మనిషి ఉన్నారేమో చూడండి.

ఇంకో చోట, మీ మియాపూర్ హోములాంటిదే పాత ఇల్లు, పెచ్చులూడిన గోడ. ఒక కేర్‌టేకర్ ఓ ముసలమ్మకు గొట్టంలో జావ పోస్తోంది. మంచం తలవైపు ఎత్తింది. ముందు సిరంజితో కొంచెం వెనక్కి లాగి, గొట్టం ఎంతవరకు లోపలుందో ముక్కు దగ్గర గుర్తు చూసుకుంది. జావ నెమ్మదిగా దిగింది. అయ్యాక నీళ్లు పోసి మూత పెట్టి, మంచం దించబోతున్న అటెండర్‌ను ఆపింది: 'ఇంకో అరగంట అలాగే ఉండనీ, అమ్మమ్మకు పొలమారుతుంది.' తర్వాత తడి గుడ్డతో నోరు తుడిచింది. నోటితో తినని మనిషికి నోరు శుభ్రం చేయాలని చాలామందికి తోచదు. ఆ క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. గోడకు పెచ్చులూడాయని ఆ ఇంటిని వదులుకోలేం.

అంతమాత్రాన మియాపూరే తీసుకోమని చెప్పడం లేదు. ఆ ఇంట్లో లిఫ్టు ఉందా, స్ట్రెచర్ మెట్లు తిరుగుతుందా, కరెంటు పోతే ఆల్ఫా బెడ్ మోటారుకు, ఆక్సిజన్ యంత్రానికి జనరేటర్ అందుతుందా అని చూడాలి. అయితే దూరం మాత్రం గట్టిగా లెక్కలోకి తీసుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో 27 స్టేషన్లు. మొదటి నెల రోజూ వెళ్తారు. రెండో నెల ఆదివారాలు. బంధువులు తరచుగా, వేళ కాని వేళ వచ్చే రోగిని సిబ్బంది ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. అది మనిషి స్వభావం.

డబ్బు విషయంలో నెల ప్యాకేజీ అంకె చూసి మూడింటినీ పోల్చకండి. మీ అమ్మగారిలాంటి రోగికి పోయిన నెల వేసిన బిల్లు, పేరు చెరిపేసి చూపించమనండి. డైపర్లు, గ్లవ్స్, సిరంజిలు, ఫిజియోథెరపీ, ఆల్ఫా బెడ్ అద్దె, డాక్టర్ విజిటింగ్ అన్నీ విడిగా చేరితే చవకైనదే ఖరీదైనదవుతుంది. అర్ధరాత్రి ప్రమాదం వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు అనేవి ఒప్పందంలో రాయించండి. అడ్వాన్స్ తిరిగి ఇచ్చే షరతు కూడా.

చేర్చే ముందు మీ న్యూరాలజిస్టును రెండు ప్రశ్నలు అడగండి. మూత్రం గొట్టం ఇంకా అవసరమా? చాలామందికి రోగం కోసం కాక చూసుకునేవారి సౌకర్యం కోసం అది నెలల తరబడి ఉండిపోతుంది, ఇన్ఫెక్షన్లు తెస్తుంది. రెండోది, మింగే శక్తి తిరిగి వచ్చిందేమో స్పీచ్ థెరపిస్టుతో పరీక్ష చేయించారా? రాకపోతే ముక్కు గొట్టానికి బదులు పొట్ట మీద నుంచి వేసే గొట్టం గురించి మాట్లాడవలసిన సమయం ఇది. ఏ గొట్టాన్నీ మీరు మాత్రం తీయకండి. కుడి చేయి సంగతి కూడా చెప్పి ఉంచండి: పడిపోయిన చేయి పట్టుకుని, చంక కింద చేతులు వేసి లేపితే భుజం కీలు జారుతుంది.

చేర్చిన రోజే నర్సును పక్కన పెట్టుకుని నడుము, తుంటి, మడమలు తేదీ పడేలా ఫోటో తీయండి. బరువు చూపించి రాయించండి. నెలకోసారి మళ్లీ తూచమనండి. ఒక నెలలో బరువు ఇరవయ్యో వంతు తగ్గితే ఆహారం సరిగా అందడం లేదనో, లోపల ఇంకేదో ఉందనో అనుకుని డాక్టర్‌కు చూపించాలి. జ్వరం, గురగురమనే శ్వాస, మామూలు కన్నా మగత, యూరిన్ బ్యాగులో చిక్కటి మడ్డి కనిపిస్తే రేపటిదాకా ఆగకండి. నిర్లక్ష్యం అనిపించి, అడిగినా మార్పు లేకపోతే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఫోన్ చేయవచ్చు.

మీ తమ్ముడికీ ఒక పని ఉంది. డల్లాస్‌లో ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలంటే ఇక్కడ రాత్రి పన్నెండున్నర. వారానికి రెండుసార్లు, భోజనం చేసి కూర్చున్నప్పుడు హోములో రాత్రి డ్యూటీ ఫోనుకు చేయమనండి. ఎన్నిసార్లు మోగాక ఎత్తారో లెక్కపెట్టమనండి. 'అమ్మ ఇప్పుడు ఏ పక్కకు పడుకుని ఉంది, ఎప్పుడు తిప్పారు?' అని అడగాలి. వెళ్లి చూసి వచ్చి చెబుతామంటే మంచిదే, లైన్‌లోనే ఉంటానని చెప్పాలి.