కాలేజీ ఐస్ హాకీలో గోల్స్ నిజంగానే తగ్గాయా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. కిందటి చలికాలం వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆన్ ఆర్బర్‌లోని యోస్ట్ అరీనాలో ఒక కాలేజీ ఐస్ హాకీ మ్యాచ్ చూశాం. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, “ఎనభైలలో అయితే ఒక్కో మ్యాచ్‌లో పది గోల్స్ పడేవి, ఇప్పుడు ఐదు పడితే గొప్ప” అన్నారు. ఇది పాత రోజుల మీద మమకారమా, లెక్కలు కూడా అదే చెబుతాయా? నిజమే అయితే కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆయన కొంచెం పెంచి చెప్పారు కానీ లేనిది చెప్పలేదు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పురుషుల మొదటి డివిజన్‌లో 1980లలో రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కు సగటున ఎనిమిదికి పైగా గోల్స్ పడేవి. 1990లంతా ఆ సగటు జారుతూ వచ్చి, ఈ శతాబ్దంలో ఐదున్నర, ఆరు నడుమకు దిగి, ఇంచుమించు అక్కడే నిలిచింది.

చాలామంది దీనికి రుజువుగా జాతీయ టోర్నీ ఫైనల్ స్కోర్లు చూపిస్తారు. మీ అబ్బాయి చదివే మిషిగనే 1948లో జరిగిన తొలి జాతీయ టోర్నీలో డార్ట్‌మత్‌ను 8-4తో ఓడించింది. 1950లో కొలరాడో కాలేజ్ 13-4తోనూ, 1961లో డెన్వర్ 12-2తోనూ గెలిచాయి. 1991లో నార్తర్న్ మిషిగన్, బోస్టన్ యూనివర్సిటీల ఫైనల్ మూడో అదనపు సమయం దాకా సాగి 8-7తో తేలింది. 2004లో డెన్వర్ ఒకే ఒక్క గోల్‌తో, 2024లో అదే డెన్వర్ 2-0తో కప్పు గెలుచుకుంది. వరస చూడముచ్చటగా ఉంది కానీ, దీన్ని రుజువుగా తీసుకోవడానికి నేను ఒప్పుకోను. గోల్స్ వెల్లువెత్తిన రోజుల్లోనే, 1985లో, ఆర్‌పీఐ అనే కాలేజీ ఫైనల్లో 2-1తో గెలిచింది. గోల్స్ కరువంటున్న ఈ రోజుల్లోనే, 2025లో, వెస్టర్న్ మిషిగన్ ఆరు గోల్స్ కొట్టింది. ఒక మ్యాచ్ ఎటైనా పోతుంది. వందల మ్యాచ్‌ల సగటు మాత్రమే కాలం ఎటు నడిచిందో చెప్పగలదు.

ఇక కారణాలు. అన్నిటికంటే పెద్దది గోలీయే, అంటే గోల్‌కు కాపలా కాసే ఆటగాడే. గోల్ చట్రం వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. అందులో మార్పేమీ లేదు. మారినదల్లా దాని ముందు నిలబడేవాడి పద్ధతి. పాతకాలపు గోలీ చాలావరకు నిలబడే ఉండి, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) వచ్చాక కాలు చాచి తన్నేవాడు. ఇప్పటివాడు మోకాళ్లు దగ్గరికి చేర్చి మంచు మీదికి జారి, రెండు కాళ్ల ప్యాడ్లనూ చెరోవైపు నేలకు ఆనించి గోడలా పరుస్తాడు. దాంతో గోల్ కింది భాగమంతా ఒక్క క్షణంలో మూసుకుపోతుంది, షాట్ కొట్టేవాడికి భుజాల పక్కన మిగిలే కాస్త సందే దిక్కవుతుంది. ఈ పద్ధతిని చిన్నప్పటి నుంచే ప్రత్యేక శిక్షకుల దగ్గర నేర్చుకున్న తరం 1990లలో కాలేజీలకు చేరింది. తేలికపాటి పదార్థాలు రావడంతో ప్యాడ్లు బరువు తగ్గి, పరిమాణం పెరిగాయి. మిషిగన్ స్టేట్ గోలీ ర్యాన్ మిల్లర్ 2000-01లో తన మీదికి వచ్చిన షాట్లలో 95 శాతం ఆపాడు. 2003-04లో మెయిన్ విశ్వవిద్యాలయం గోలీ జిమ్మీ హోవర్డ్ 95.6 శాతం ఆపి, మ్యాచ్‌కు సగటున 1.19 గోల్సే ఇచ్చాడు. 2004 ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో ఓడింది ఆ హోవర్డ్ జట్టే. చివరి ఒకటిన్నర నిమిషంలో డెన్వర్ ఆటగాళ్లు ఇద్దరు శిక్షపడి బయట కూర్చోగా, మెయిన్ తన గోలీని కూడా వెనక్కి పిలిచి ముగ్గురి మీద ఆరుగురిని దింపినా పక్ లోపలికి వెళ్లలేదు.

ఈ శాతాల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం. వృత్తి లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో 1980ల ఆరంభంలో గోలీలు సుమారు 87.5 శాతం షాట్లు ఆపేవారు, తరవాతి కాలంలో అది 91 శాతానికి చేరింది. ఒక్కో జట్టు ముప్ఫై షాట్లు కొడుతుందనుకుంటే, మొదటి లెక్కన రెండు జట్లకూ కలిపి ఏడున్నర గోల్స్ పడతాయి, రెండో లెక్కన ఐదుకు కాస్త పైన. అంటే షాట్ కొట్టేవారిలో ఏ లోపమూ రాకుండానే, గోలీ మెరుగైనందువల్లే మ్యాచ్‌కు రెండు గోల్స్ మాయమవుతాయి. “ఈ కాలపు కుర్రాళ్లకు గోల్ కొట్టడం రాదు” అనే మాట అన్యాయమని నేను అనేది అందుకే.

రెండో కారణం రక్షణ క్రమశిక్షణ. ఇప్పుడు ముందు వరస ఆటగాళ్లు కూడా షాట్‌కు అడ్డంగా పడి ఒంటితో ఆపుతున్నారు, దాంతో చాలా షాట్లు గోలీ దాకా చేరనే చేరవు. మూడోది జట్ల మధ్య అంతరం తగ్గడం. బలమైన జట్టు బలహీనమైన జట్టు మీద పది గోల్స్ కురిపించే రోజులు అరుదైపోయాయి. రింక్ (మంచు మైదానం) అంతటా ఒంటితో ఢీకొనడానికి 1970లలో అనుమతి ఇచ్చినందువల్లే గోల్స్ తగ్గాయని కొందరంటారు కానీ, ఆ తరవాతి దశాబ్దంలో కూడా గోల్స్ పుష్కలంగా పడ్డాయి కాబట్టి ఆ వాదన నిలవదు.

ఎన్‌హెచ్‌ఎల్ కూడా ఇదే దారిలో నడిచింది. అక్కడ 1981-82లో మ్యాచ్‌కు ఎనిమిది గోల్స్ ఉండేవి, 2003-04 నాటికి 5.14కు పడిపోయాయి. 2005లో రింక్ మీది రెండు గీతలు దాటే పాస్ మీద నిషేధం ఎత్తేసి, నిబంధనలకు విరుద్ధంగా అడ్డుకోవడాలను కఠినంగా శిక్షించడం మొదలుపెట్టారు. ఇటీవలి సీజన్లలో సగటు మళ్లీ ఆరు దాటింది. కాలేజీ హాకీలో ఆ పాస్ అంతకుముందు నుంచే చెల్లేది కనుక, ఆ మందు ఇక్కడ ముందే వాడేసినట్టయింది.

ప్రశ్న: 1992-93లో మెయిన్ తరఫున పాల్ కరియా 100 పాయింట్లు సాధించాడు. 2023-24లో బోస్టన్ యూనివర్సిటీ ఆటగాడు మాక్లిన్ సెలెబ్రినీకి 64 పాయింట్లే. ఇద్దరికీ ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు వచ్చింది. కరియా అంత పై స్థాయివాడా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కరియా గొప్పతనంలో సందేహం లేదు. 1993 ఫైనల్లో మెయిన్ 4-2తో వెనకబడి ఉండగా చివరి భాగంలో జిమ్ మోంట్‌గోమరీ కొట్టిన మూడు గోల్స్‌కూ పాస్ అందించింది అతడే. కానీ పాయింట్లంటే గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపిన లెక్క. ఆ కాలంలో పడిన గోల్స్ ఎన్నో చూడకుండా వాటిని పోల్చడం, 1983 ప్రపంచ కప్ ఫైనల్లో మనవాళ్లు చేసిన 183ను ఈనాటి వన్డే స్కోర్ల పక్కన పెట్టి చిన్నబుచ్చడం లాంటిది.

నార్త్ డకోటా ఆటగాడు టోనీ హర్కాచ్ 1986-87లో 116 పాయింట్లు చేశాడు, ఒక సీజన్‌కు అదే రికార్డు. అతడు ఆడినవి 48 మ్యాచ్‌లు, అంటే మ్యాచ్‌కు 2.4. అప్పటి గోల్స్‌తో పోలిస్తే ఇప్పుడు పడేవి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, నేటి లెక్కలో అది 1.6 అవుతుంది. సెలెబ్రినీ 38 మ్యాచ్‌లలో సాధించిన సగటు 1.68, అదీ పదిహేడేళ్ల వయసులో. 2013-14లో బోస్టన్ కాలేజ్ ఆటగాడు జానీ గాడ్రో 40 మ్యాచ్‌లలో 80 పాయింట్లు చేశాడు. సైకిల్ మీద వెళుతుండగా కారు ఢీకొని 2024 ఆగస్టులో మరణించిన ఆ చిన్నపాటి ఆటగాడి సీజన్‌ను, ఈ కొలతతో చూస్తే, నేను హర్కాచ్ రికార్డు కంటే పైన ఉంచుతాను.

ప్రశ్న: కొత్త నిబంధనలతో గోల్స్ మళ్లీ పెరుగుతాయా?
– అదే పాఠకుడు

జవాబు: 2020-21 నుంచి లీగ్ మ్యాచ్‌లలో సమానమైన స్కోరు వస్తే ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాలు ఆడిస్తున్నారు. అక్కడ పడే తొలి గోల్‌తోనే ఆట ముగుస్తుంది కనుక సగటు మీద దాని ప్రభావం స్వల్పమే. కెనడాలోని మేజర్ జూనియర్ (యువ ఆటగాళ్ల) లీగుల వారిని 2025-26 నుంచి కాలేజీల్లోకి అనుమతించడం అంతకంటే పెద్ద మార్పు. అయితే ఆ దారిలో మంచి ఫార్వర్డ్‌లతో పాటు మంచి గోలీలు కూడా వస్తారు కనుక, రెండు మూడు సీజన్ల సగటు చేతికొచ్చే దాకా ఎటువైపు మొగ్గుతుందో తేల్చడం తొందరపాటే అవుతుంది.