అమ్మాయి గ్రీన్‌కార్డు కోసం నా పొదుపు తీసేయాలా?

ప్రశ్న: నేను హబ్సిగూడలో ఉంటున్న రిటైర్డ్ హెడ్మాస్టర్ని. వయసు 63. మా అమ్మాయి ఇక్కడే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు అమెరికాలో ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఉంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఇది రెండో ఏడు. తన పరిశోధనల ఆధారంగా గ్రీన్‌కార్డుకు తనే అప్లై చేసుకోవచ్చంటోంది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీని అడిగితే 14 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఏడాదిన్నర కిందట 15 లక్షలు వేశాను. అది తీసేయమంటారా? లేక మా ఆవిడ బంగారం మీద లోన్ తీసుకోమంటారా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. ముందు మీరు పంపిన కొటేషన్ కాగితం చూద్దాం.

అందులో నాలుగు వరసలున్నాయి. లాయర్‌కు 5 లక్షల 80 వేలు, ‘ప్రొఫైల్ బిల్డింగ్’కు నాలుగున్నర లక్షలు, ప్రీమియం ప్రాసెసింగ్‌కు 2 లక్షల 70 వేలు, ప్రభుత్వ ఫీజు లక్ష. నేను నమ్మేది ఆ చివరి లక్షనే. గ్రీన్‌కార్డు కోసం ముందుగా వేసే ఐ-140 పిటిషన్ ఫీజు 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్లు దాని మీద కట్టాల్సింది ఇంకో 300. డాలర్ 90 రూపాయలనుకుంటే 91 వేల చిల్లర.

‘ప్రొఫైల్ బిల్డింగ్’ దగ్గర నాకు ఒళ్లు మండింది. కింద చిన్న అక్షరాల్లో ‘రెండు పేపర్ల ప్రచురణ, ఒక అంతర్జాతీయ అవార్డు’ అని ఉంది చూశారా? సీసీఎంబీలో ఐదారేళ్లు ల్యాబులో కూర్చుని డాక్టరేట్ తెచ్చుకున్న పిల్లకు డబ్బిచ్చి అవార్డు కొనిపెట్టాలా? ఇలాంటివి నకిలీవని తేలితే పిటిషన్ పోవడం ఒక్కటే కాదు, ఇక జన్మలో అమెరికా వీసా దొరకకపోవచ్చు. ఆమెకు నిజంగా కావాల్సినవి పైసా ఖర్చు లేనివి. తన పేపర్లను ఎవరెవరు ఉటంకించారో తెలిపే లెక్క. వేరేవాళ్ల పేపర్లను రివ్యూ చేసినందుకు జర్నళ్ల నుంచి వచ్చిన మెయిల్స్. తనతో ఎప్పుడూ కలిసి పనిచేయకపోయినా తన పనిని వాడుకున్న శాస్త్రవేత్తల ఉత్తరాలు. గైడ్ ఇచ్చే ఉత్తరం కన్నా వీటికే బరువెక్కువ.

ఇక ప్రీమియం ప్రాసెసింగ్. డబ్బు ఎక్కువ కడితే కార్డు త్వరగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది త్వరపెట్టేది పిటిషన్ మీద నిర్ణయాన్నే, క్యూని కాదు. ఏ దేశానికీ ఏడాది గ్రీన్‌కార్డుల కోటాలో 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల, మనవాళ్లకు ఈబీ-2 (పెద్ద చదువులు చదివినవాళ్ల) కేటగిరీలో వెయిటింగ్ పదేళ్లు దాటిపోయింది. దానికన్నా పైదైన ఈబీ-1లోనూ కొన్నేళ్లు పడుతుంది. క్యూలో మీ అమ్మాయి స్థానం పిటిషన్ అందిన తేదీతో ఖరారవుతుంది, ఆమోదించిన తేదీతో కాదు. హెచ్-1బీ ఆరేళ్ల గడువు దగ్గర పడితే అప్పుడు ప్రీమియం కట్టడంలో అర్థముంది. ఐ-140 ఆమోదం ఉంటే ఆరేళ్ల తర్వాత కూడా వీసా పొడిగిస్తారు. రెండో ఏడులో ఆ తొందరెందుకు?

అందుకే ఇప్పుడు ఈబీ-2లోనే నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్ కింద వేసి తేదీ పట్టుకోమనండి. దీనికి కంపెనీ స్పాన్సర్ అక్కర్లేదు. తన పనికి జాతీయ ప్రాధాన్యం ఉందని, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా తనకుందని, ఉద్యోగ ఆఫర్ షరతు తీసేస్తే అమెరికాకే మేలని చూపించాలి. రెండు మూడేళ్లకు పేపర్లు పెరిగాక అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోసం ఉన్న ఈబీ-1ఏ వేసుకోవచ్చు. ఆమోదం పొందిన పాత పిటిషన్ తేదీ దానికీ వర్తిస్తుంది. ఎప్పుడైనా ప్రొఫెసర్‌గా పర్మనెంట్ ఉద్యోగం వస్తే ప్రొఫెసర్లు, పరిశోధకుల కోసం ఉన్న ఈబీ-1బీ కింద యూనివర్సిటీయే వేస్తుంది.

మీ డబ్బు సంగతి. ఆ స్కీమ్‌లో కొంత తీసి కొంత ఉంచడం కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు నిండకముందే మూస్తే ఒకటిన్నర శాతం, అంటే 22,500 కోత. అది పోతే పోయింది, 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి వస్తున్న 30,750 ఆగిపోతుందే! పెన్షన్ పక్కన మీ మందుల ఖర్చుకు అదే కదా ఆధారం. బంగారం లోన్ అయితే వడ్డీ ఇక్కడ మీరు కట్టాలి, కార్డు అక్కడ పదేళ్లకు రావాలి.

ఫీజు, లాయర్ ఖర్చు అమ్మాయి తన జీతంలోంచే పెట్టుకోవాలి. పోస్ట్‌డాక్ జీతం పెద్దదేం కాదు, నిజమే, కానీ ఈ ఖర్చు ఒక్కరోజులో పడేది కాదు. తండ్రిగా మనసొప్పకపోతే రెండు మూడు విడతల వడ్డీ పంపండి. బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఫారం ఏ2 నింపి నేరుగా ఆమె ఖాతాకే పంపండి. ఏడాదికి 10 లక్షల లోపు అయితే, పంపేటప్పుడు బ్యాంకు వసూలు చేసే పన్ను (టీసీఎస్) పడదు, కూతురికిచ్చే కానుక కాబట్టి ఇక్కడ ఆమెకు పన్నూ లేదు. కన్సల్టెన్సీ వాళ్ల యూపీఐకి మాత్రం రూపాయి కూడా వేయకండి.

కొటేషన్‌లో లాయర్ పేరుకు బదులు ‘మా యూఎస్ అటార్నీ’ అని మాత్రమే ఉంది. ఆయన పేరేంటో, ఏ రాష్ట్రం బార్‌లో నమోదయ్యాడో అడగమనండి. ఆ వివరాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. పేరు చెప్పడానికి నసిగితే ఆ కాగితం చించేయండి.